అమ్మకానికి వచ్చిన చరిత్ర: 5893 నంబరు ఫెరారీ

భిలాయిలో తయారైన రైలు పట్టాను మీరు ఎప్పుడైనా దగ్గరగా చూశారా? దాని నడుము మీద కర్మాగారం గుర్తు, తయారైన సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో కనిపిస్తాయి. ఆ గుర్తు లేకపోతే అది ఎక్కడ, ఎప్పుడు పుట్టిందో చెప్పడం కష్టం. రేసు కారు సంగతీ అంతే. ఉక్కు గొట్టాలతో అల్లిన చట్రం మీద కొట్టిన నంబరే దాని జన్మపత్రిక.

2025 ఫిబ్రవరి 5న పారిస్‌లో జరిగిన వేలంలో ఒక పాత ఫెరారీ 3 కోట్ల 48 లక్షల 80 వేల యూరోలకు అమ్ముడుపోయింది. మన లెక్కలో 300 కోట్ల రూపాయల పైమాటే. దాని చట్రం నంబరు 5893. అందులోని ఉక్కుకు, అల్యూమినియానికి అంత విలువ లేదని వేరే చెప్పనక్కరలేదు. మరి కొన్నవారు దేనికి డబ్బు చెల్లించారు? 1965 జూన్‌లో ఫ్రాన్సులోని లె మాన్‌లో గడిచిన 24 గంటలకు. ఆ కథేమిటో చూద్దాం.

పేరులోనే పేచీ

ఈ కారు రకం పేరు '250 ఎల్.ఎం.'. ఆ రోజుల్లో ఫెరారీ తన కార్లకు ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణాన్నే పేరుగా పెట్టేది. 12 సిలిండర్లు, ఒక్కోటి 250 ఘన సెంటీమీటర్లు అయితే మొత్తం 3 లీటర్ల ఇంజను. కానీ 250 ఎల్.ఎం.లో మొదటిది తప్ప మిగతావన్నీ 3.3 లీటర్లవి. లెక్క ప్రకారం పేరు 275 కావాలి! అయినా ఎంజో ఫెరారీ 250 అనే అన్నాడు. ఇది పాత 250 వరుసలోనిదేనని నమ్మించి జి.టి. తరగతిలో పోటీ చేయించాలని ఆయన ఎత్తు. ఆ తరగతికి 100 కార్లు తయారు కావాలి. తయారైనవి 32 మాత్రమే. అంతర్జాతీయ సమాఖ్య ఒప్పుకోలేదు. దాంతో ఈ కారు తనకంటే శక్తివంతమైన ప్రోటోటైపులతో తలపడవలసి వచ్చింది.

వేడికి ఓడినవారు

1965లో అందరి కళ్ళూ ఫోర్డ్ కార్ల మీద, ఫెరారీ ఫ్యాక్టరీ సొంతంగా దింపిన కొత్త పి2 కార్ల మీద ఉన్నాయి. ఫోర్డ్‌లు ఒక్కటీ చివరిదాకా నిలవలేదు. పి2లను బ్రేకు డిస్కుల పగుళ్ళు దెబ్బతీశాయి.

డిస్కు ఎందుకు పగులుతుంది? ఒక చిన్న లెక్క వేయండి. డ్రైవరు, పెట్రోలుతో కలిపి కారు బరువు ఒక టన్ను అనుకుందాం. దాదాపు ఆరు కిలోమీటర్ల తిన్నని రోడ్డు చివర గంటకు 280 కిలోమీటర్ల నుంచి 60కి వేగం తగ్గాలి. పోవలసిన గతిశక్తి సుమారు 29 లక్షల జౌళ్ళు. పది లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడానికి సరిపోయేంత వేడి! కొంత గాలి నిరోధానికి పోయినా, ఎక్కువ భాగం కొన్ని సెకన్లలో నాలుగు డిస్కుల్లోకి చేరుతుంది. పైపొర వ్యాకోచించబోతే చల్లగా ఉన్న లోపలి లోహం అడ్డుపడుతుంది. చల్లారేటప్పుడు పైపొర లాగుడుకు గురవుతుంది. ఇలా వందలసార్లు జరిగితే పగుళ్ళు పుడతాయి. దీన్నే ఉష్ణ అలసట అంటారు. రోలింగ్ మిల్లులో ఎర్రని ఉక్కును నలుపుతూ, మరోపక్క నీళ్ళతో చల్లబడే రోలు మీద వల అల్లినట్టు పడే సన్నని పగుళ్ళకూ కారణం ఇదే.

నెగ్గిన కారు

5893 నంబరు కారు అమెరికాలో స్థిరపడిన లుయీజీ కినెట్టి జట్టుది. 1949లో లె మాన్‌లో ఫెరారీకి తొలి విజయం తెచ్చిన డ్రైవరు ఆయనే. 1965లో 21 అంకెతో దిగిన ఈ కారును నడిపినవారు దళసరి కళ్ళజోడు పెట్టుకునే అమెరికన్ మాస్టెన్ గ్రెగరీ, ఆస్ట్రియా యువకుడు యోఖెన్ రింట్. మొదటి గంటల్లోనే ఇంజను జ్వలన వ్యవస్థ మొరాయించి చాలా వెనకబడ్డారు. ఇక పోయేదేమీ లేదని వేగం పెంచారు. ముందున్నవారు ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆదివారం ముందంజలో ఉన్న పసుపుపచ్చ 250 ఎల్.ఎం. టైరు పేలింది. 21వ నంబరు కారు 348 చుట్లు, 4,677 కిలోమీటర్లు పూర్తిచేసి గెలిచింది. సగటు వేగం గంటకు సుమారు 195 కిలోమీటర్లు.

ఆ తరువాత లె మాన్‌లో మొత్తం మీద మొదటి స్థానం ఫెరారీకి మళ్ళీ దక్కింది 2023లోనే. అంటే 58 ఏళ్ళ నిరీక్షణ! రింట్ 1970లో మోంజాలో ప్రాణాలు కోల్పోయాడు. మరణానంతరం ప్రపంచ ఛాంపియన్ అయిన ఏకైక ఫార్ములా వన్ డ్రైవరు అతడే.

మూడో మనిషి ఉన్నాడా?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ జట్టులో అదనపు డ్రైవరుగా ఉన్న ఎడ్ హ్యూగస్ తానూ ఆ రాత్రి కొంతసేపు కారు నడిపానని తరువాతి కాలంలో చెప్పాడు. గ్రెగరీ కారు దిగేసరికి రింట్ కనిపించలేదని ఆయన కథనం. అధికారిక ఫలితాల్లో మాత్రం ఇద్దరి పేర్లే ఉన్నాయి. హ్యూగస్ 2006లో మరణించాడు. చట్రం నంబరు కారును గుర్తుపట్టిస్తుంది గాని, చీకట్లో స్టీరింగు ఎవరి చేతిలో ఉందో చెప్పదు.

ఈ కారు 1968, 1969 సంవత్సరాల్లోనూ లె మాన్‌లో పరుగెత్తింది. 1969లో ఎనిమిదో స్థానంలో ముగించింది. 1970 నుంచి అమెరికాలోని ఇండియానాపొలిస్ మోటార్ స్పీడ్‌వే మ్యూజియంలో ఉంది. తన సేకరణలోని కొన్ని కార్లతోపాటు దీన్నీ మ్యూజియం అమ్మకానికి పెట్టింది.

రేసు కార్లు గుద్దుకుంటాయి, భాగాలు మారతాయి, నకళ్ళు పుడతాయి. అందుకే కొనేవాడు ఇంజను చప్పుడుకంటే ముందు కాగితాలను పరీక్షిస్తాడు: చట్రం నంబరు, రేసు ఫలితాలు, ఫోటోలు, చేతులు మారిన వివరాలు. 5893కు అవన్నీ వరుసగా ఉన్నాయి. ఈసారి మీ కర్మాగారంలో గాని, ఇంట్లో గాని ఏదైనా పాత యంత్రాన్ని తుక్కుకు వేసే ముందు, దాని నంబరు పలకనూ, లాగ్‌బుక్కునూ పక్కన దాచి ఉంచండి. ఇనుము మళ్ళీ దొరుకుతుంది. పోయిన లాగ్‌బుక్కును ఏ కొలిమీ పోతపోయలేదు.