బొగ్గు ఓడలూ, ఓ పాత చేపల పడవా

మందమర్రిలో పెరిగినవాడికి సముద్రంతో ఏం పని అని మీరడగొచ్చు. నిజమే. మాకు తెలిసినవి కేకే గనులు, షిఫ్టు సైరన్లు. పెద్ద నీళ్ళు చూడాలంటే మంచిర్యాల దాకా పోయి గోదావరిని చూడాల్సిందే. కానీ ఆర్కిటిక్ సముద్రయానాల చరిత్ర చదువుతుంటే నాకు మంచు కంటే ముందు కనబడింది బొగ్గు.

అట్లాంటిక్ నుంచి కెనడా ఉత్తరాన ఉన్న దీవుల సందుల్లోంచి పసిఫిక్‌లోకి దారి కనిపెట్టాలని యూరప్ వాళ్ళు మూడొందల ఏళ్ళకి పైగా కొట్టుకున్నారు. దాన్నే వాయవ్య మార్గం అంటారు. 1845లో బ్రిటిష్ నేవీ సర్ జాన్ ఫ్రాంక్లిన్‌ని ఎరెబస్, టెర్రర్ అనే రెండు ఓడలిచ్చి పంపింది. బడ్జెట్‌కి లోటు లేదు. మూడేళ్ళ తిండి, లైబ్రరీ, వెండి చెంచాలు, ఆఖరికి రైలింజన్లని మార్చి ఓడల్లో బిగించారు. తీరా చూస్తే వాటికి పెట్టిన బొగ్గు కొద్ది రోజులకే సరిపోతుంది. దారిలో మళ్ళీ నింపుకోడానికి అక్కడేం సింగరేణి ఉందా? 1846లో కింగ్ విలియం దీవి దగ్గర ఓడలు మంచులో ఇరుక్కుపోయాయి. 129 మందిలో ఒక్కడూ తిరిగి రాలేదు.

ఇక్కడే నన్ను ఎక్కువ కుదిపేసిన విషయం ఉంది. 1854లో జాన్ రే అనే ఆయన అక్కడి ఇన్యూట్ జనం దగ్గర సంగతి తెలుసుకుని లండన్‌కి చెప్పాడు. ఆకలికి తాళలేక ఆ నావికులు చచ్చినవాళ్ళని తిన్నారని. లండన్ పెద్దమనుషులు భగ్గుమన్నారు. సాక్షాత్తూ చార్లెస్ డికెన్స్ తన పత్రికలో, అనాగరికుల మాట నమ్మేదేమిటని రాశాడు. 1980లు, 90లలో దొరికిన ఎముకల మీద కత్తి గాట్లు కనబడ్డాయి. మునిగిన ఓడలు 2014లో ఒకటి, 2016లో ఇంకొకటి బయటపడ్డాయి. ఎరెబస్ దొరికిన చోటు ఇన్యూట్లు తరతరాలుగా చెప్పుకుంటున్న ప్రాంతమే. నూట అరవై ఏళ్ళు పట్టిందన్నమాట, వాళ్ళ మాట నిజమని ఒప్పుకోడానికి! గనిలో పాతకాపు కార్మికుడు కర్రతో పైకప్పుని తట్టి, చప్పుడు విని "ఇక్కడ ఉండొద్దు" అంటాడు. దాన్ని పుస్తకంలో లేదు కదా అని కొట్టిపారేస్తే ఏమవుతుందో మా వైపు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

సరే, అసలు కథకొద్దాం. నార్వేకి చెందిన రోల్డ్ అముండ్‌సెన్ 1901లో ఓ పాత చేపల పడవ కొన్నాడు. పేరు యోవా. 1872లో కట్టింది, అంటే అతనికీ పడవకీ ఒకటే వయసు. పొడవు 21 మీటర్లు, 47 టన్నులు, కిరోసిన్‌తో నడిచే 13 హార్స్‌పవర్ ఇంజను. మొత్తం టీము ఏడుగురు. 1903 జూన్ 16 రాత్రి, వానలో, అప్పులవాళ్ళు వచ్చి పడవని పట్టుకోకముందే జారుకున్నాడు. (ఫండింగ్ కష్టాలు ఈనాటివి కావు!)

చిన్న పడవ కాబట్టి సుఖంగా వెళ్ళిపోయాడనుకోకండి. కొన్ని వారాల్లోనే ఇంజను గదిలో నిప్పంటుకుంది. ఆ వెంటనే పడవ రాళ్ళ మీద కూరుకుపోతే బరువైన పెట్టెలు సముద్రంలోకి విసిరేసి బయటపడ్డారు. కింగ్ విలియం దీవిలోనే, ఫ్రాంక్లిన్ మనుషులు చచ్చిన ఆ దీవిలోనే, ఓ చిన్న రేవులో రెండు చలికాలాలు గడిపారు. అయస్కాంత ధ్రువం కొలతలు తీసుకోవడం ఒక పని. నా దృష్టిలో అంతకన్నా పెద్ద పని, నెట్సిలిక్ ఇన్యూట్ల దగ్గర శిష్యరికం. కుక్కల బండి తోలడం, మంచు ఇల్లు కట్టడం, రెయిన్‌డీర్ తోలు బట్టలు వదులుగా రెండు పొరలు వేసుకోవడం. బ్రిటిష్ నేవీ వాళ్ళ ఉన్ని బట్టలు చెమటకి తడిసి గడ్డకట్టేవి.

1905 ఆగస్టులో సింప్సన్ జలసంధి దాటారు. అక్కడ లోతు ఎంత తక్కువంటే, ఒకచోట పడవ అడుగుకీ నేలకీ మధ్య అంగుళం నీళ్ళు మిగిలాయట. ఎరెబస్ లాంటిది అక్కడ అడుగైనా వేయలేదు. ఆగస్టు 26న శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన తిమింగలాల ఓడ ఎదురైంది. అంటే దారి దొరికినట్టే. ఇంకో చలికాలం మంచులో ఆగి, ఈ లోపల అముండ్‌సెన్ కుక్కల బండి మీద వందల కిలోమీటర్లు వెళ్ళి అలాస్కాలో ఈగిల్ అనే ఊరి నుంచి టెలిగ్రాం కొట్టాడు. వీక్ అనే కుర్రాడు జబ్బుచేసి 1906 మార్చిలో చనిపోయాడు. మిగతా ఆరుగురూ ఆ ఆగస్టు చివర నోమ్ చేరారు.

అన్నట్టు, మనవాళ్ళూ తక్కువేం కాదు. 17 మీటర్ల తారిణిలో 2017-18లో 254 రోజుల్లో భూమి చుట్టొచ్చిన ఆరుగురు నేవీ ఆడపిల్లల్లో విశాఖ స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య ఉన్నారు. ఆర్కిటిక్ కాదుగానీ, దక్షిణ మహాసముద్రం, కేప్ హార్న్ అంతకన్నా మెత్తనివేం కాదు.

మళ్ళీ బొగ్గు దగ్గరికే వస్తాను. అముండ్‌సెన్ 1926లో ధ్రువం మీదుగా గాలి ఓడలో ఎగిరింది స్వాల్‌బార్డ్‌లోని న్యూ ఓలెసుండ్ నుంచి. అది అచ్చంగా మందమర్రి లాంటి గని ఊరు. 1962 నవంబర్ 5న అక్కడి గనిలో పేలుడుకి 21 మంది పోయారు. ఆ గొడవలో మర్నాటి ఏడాది నార్వే ప్రభుత్వమే కూలింది, గని మూతపడింది. మా పక్కనే గోదావరిఖనిలో 2003 జూన్ 16న, యోవా బయల్దేరి సరిగ్గా వందేళ్ళకి, గనిలోకి నీళ్ళొచ్చి 17 మంది పోయారు. ఏ ప్రభుత్వమూ పడలేదు.

న్యూ ఓలెసుండ్‌లో ఇప్పుడు శాస్త్రవేత్తలుంటున్నారు. 2008 నుంచి మన దేశం స్టేషను కూడా ఉంది, పేరు హిమాద్రి.