పావు డాలర్ టికెట్, ఫ్రీ టికెట్

ఈ వారం మనం లాస్ ఏంజెలెస్ వెళ్తున్నాం, చరిత్రలోకి.

ఇప్పుడు చాలా ఇళ్లలో జరిగేదే ఇది. అక్కో అన్నయ్యో అమెరికాలో ఉంటారు, అమ్మానాన్నలకి వీసా వస్తుంది, వెంటనే ఎక్సెల్ షీట్ ఓపెన్ అవుతుంది. ఒకరోజు డిస్నీలాండ్, ఒకరోజు యూనివర్సల్ స్టూడియో, కుదిరితే ఏదైనా టీవీ షో షూటింగ్. మొన్న మా ఇంట్లోవాళ్ల కోసం నేనూ ఒక షీట్ చేశాను. (ఉద్యోగం మానేసినా ఎక్సెల్ మాత్రం నన్ను వదల్లేదు.) అందులో ధరల కాలమ్ చూస్తే వింతగా అనిపించింది. పార్కులకి మనిషికి వంద డాలర్లకి పైనే. టీవీ షూటింగ్‌కి సున్నా. అంటే షూటింగ్‌లా కనిపించేదానికి డబ్బులు కట్టాలి, నిజం షూటింగ్ మాత్రం ఫ్రీ!

మొదట్లో ఇలా లేదు. కార్ల్ లేమ్లీ అని జర్మనీ నుంచి పదిహేడేళ్లకి అమెరికా వచ్చినాయన. బట్టల షాపులో పనిచేసి, తర్వాత సినిమా హాల్ పెట్టి, చివరికి యూనివర్సల్ కంపెనీ అధినేత అయ్యాడు. లాస్ ఏంజెలెస్ పక్కన ఒక కోళ్ల ఫారం ఉన్న స్థలం, 230 ఎకరాలు, కొని 1915 మార్చి 15న యూనివర్సల్ సిటీ తెరిచాడు. అందరూ గేట్లు మూసుకుని సినిమాలు తీస్తుంటే ఈయన మాత్రం జనాన్ని లోపలికి పిలిచాడు. టికెట్ 25 సెంట్లు, అంటే పావు డాలర్. మెట్ల గ్యాలరీ మీద కూర్చుని ఎదురుగా జరిగే షూటింగ్ చూడొచ్చు. హీరో వస్తే ఈలలు, విలన్ వస్తే అరుపులు. ఎంత గోల చేసినా పర్లేదు, ఎందుకంటే అవి మూకీ సినిమాలు. కెమెరాకి చెవుల్లేవు కదా.

ఆ బిజినెస్ కూలిపోయింది కూడా అక్కడే. 1920ల చివర్లో టాకీలు వచ్చాయి, మైక్ వచ్చింది. ఒక్క దగ్గు వినిపించినా టేక్ పోతుంది. జనాన్ని బయటికి పంపి గేటు వేసేశారు. 1936లో లేమ్లీ చేతుల్లోంచి కంపెనీయే జారిపోయింది. ఆ గేటు మళ్లీ పూర్తిస్థాయిలో తెరుచుకున్నది 1964లో, ట్రామ్ టూర్‌తో. ఈలోపు అర్థమైందేంటంటే, నిజం షూటింగ్‌ని టూరిస్టుల టైమ్‌కి జరిపించలేం. లైటింగ్ సెట్ చేయడానికే గంటలు పడుతుంది, చూసేవాడికి నిద్రొస్తుంది. అందుకే టూరిస్ట్ కోసమే ప్రత్యేకంగా తయారు చేయడం మొదలైంది. 1975లో జాస్ సినిమా వచ్చింది, మరుసటి ఏడాదికే ట్రామ్ పక్కన నీళ్లలోంచి సొరచేప లేచింది. టైమ్‌కి లేస్తుంది, రీటేక్ అడగదు. మన రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలయ్యే నాటికి ఈ ఫార్ములా బాగా ముదిరింది. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో బస్సెక్కి సెట్లు చూసొచ్చిన వాళ్లందరికీ ఇది తెలిసిందే.

డిస్నీ కథ ఇంకా తమాషా. పార్కు పెడతానంటే వాల్ట్ డిస్నీకి బ్యాంకులు అప్పివ్వలేదు. ఆయన తన లైఫ్ ఇన్సూరెన్స్ మీద కూడా అప్పు తీసుకున్నాడు. చివరికి ఆదుకున్నది ఏబీసీ అనే టీవీ నెట్‌వర్క్. 5 లక్షల డాలర్ల పెట్టుబడి, 45 లక్షల డాలర్ల అప్పుకి గ్యారంటీ. బదులుగా పార్కులో మూడోవంతుకి పైగా వాటా, ప్లస్ డిస్నీ వాళ్లకోసం వారం వారం ఒక టీవీ షో తీయాలి. 1954 అక్టోబర్‌లో మొదలైన ఆ షో పేరేంటో తెలుసా? డిస్నీలాండ్! పార్కు ఇంకా కడుతుండగానే, వారానికో గంట యాడ్. 1955 జూలై 17న ప్రారంభోత్సవం కూడా లైవ్ టీవీలోనే. ఆ రోజు దొంగ టికెట్లతో జనం విరుచుకుపడ్డారు, ఎండకి కొత్త తారు మెత్తబడి ఆడవాళ్ల హీల్స్ దిగబడ్డాయి, తాగునీటి కుళాయిలు చాలావరకు పనిచేయలేదు. అయినా అమెరికా అంతా చూసేసింది కాబట్టి జనం ఆగలేదు.

ఇప్పుడు ఆ సున్నా డాలర్ల టికెట్ సంగతి. 1951లో ఐ లవ్ లూసీ అనే కామెడీ షో తీసేటప్పుడు, హీరోయిన్ లూసిల్ బాల్‌కి ఎదురుగా జనం ఉంటేనే బాగా పండుతుందని తెలుసు. మూడు ఫిల్మ్ కెమెరాలు ఒకేసారి తిప్పుతూ, నాటకంలా వరసగా ఆడుతూ, ఎదురుగా సుమారు 300 మందిని కూర్చోబెట్టి తీశారు. లేమ్లీ కాలంలో జనం నవ్వితే అది గాలికి పోయేది. ఇక్కడ ఆ నవ్వు రికార్డ్ అవుతుంది, షోలో భాగమైపోతుంది. చూసేవాడే పనివాడయ్యాడు! పనివాడి దగ్గర టికెట్ డబ్బులు ఎవరు తీసుకుంటారు? ఫ్రీ యాప్‌లు వాడే మనకి ఈ లెక్క కొత్తేం కాదు.

పని అని ఊరికే అనట్లేదు. అరగంట సిట్‌కామ్ తీయడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. ఒకే జోక్ రెండోసారి తీస్తే రెండోసారీ నవ్వాలి. ఎనర్జీ తగ్గకుండా చూడటానికి ఒక కమెడియన్‌ని కూడా పెడతారు. ఫోన్ లోపలికి తీసుకెళ్లనివ్వరు, లేదా ఆఫ్ చేయిస్తారు. సీట్లు ఖాళీగా కనిపించకూడదని ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు ఇస్తారు, అంటే టికెట్ చేతిలో ఉన్నా సీటు గ్యారంటీ లేదు. పిల్లలకి వయసు పరిమితి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న నాన్నగారిని లైన్‌లో నిలబెట్టే ముందు ఇదంతా ఆలోచించుకోండి.

అయినా నన్నడిగితే, ఒక రోజు దీనికే ఇవ్వండి. సొరచేప యూట్యూబ్‌లో దొరుకుతుంది. డైలాగ్ మర్చిపోయి నవ్వేసిన నటుడు, వెనక పరుగెత్తే లైట్‌మ్యాన్ అక్కడే దొరుకుతారు. కాకపోతే మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది మే, జూన్‌లలో. సిట్‌కామ్‌లు మామూలుగా ఆగస్టు నుంచి వసంతకాలం దాకా తీస్తారు, ఎండాకాలం సెలవు. కాబట్టి గేమ్ షోలు చూడండి. జెపర్డీ అయితే ఒకే రోజు ఐదు ఎపిసోడ్లు తీసేస్తారు. ఇంగ్లిష్ జోకులు అమ్మకి ఎక్కవేమో అనుకుంటే ద ప్రైస్ ఈజ్ రైట్ ఉంది, 1972 నుంచి ఇప్పటి రూపంలో నడుస్తోంది, వస్తువు ధర కరెక్ట్‌గా చెప్పడమే ఆట. దశాబ్దాలు లాస్ ఏంజెలెస్‌లోని టెలివిజన్ సిటీలో తీసేవాళ్లు, 2023లో గ్లెండేల్‌కి మారారు. పాత బ్లాగుల్లో ఇంకా పాత అడ్రసే ఉంటుంది, క్యాబ్ బుక్ చేసే ముందు టికెట్ మీదున్న అడ్రస్ చూసుకోండి.