గసగసాల పువ్వు ఎదమీదికెక్కిన కథ

నవంబరు వచ్చిందంటే లండన్‌లో ఎవరి కోటు చూసినా ఎడమవైపు ఎర్ర కాగితపు పువ్వు కనిపిస్తుంది. పాపీ. మసాలాలో మనం నూరుకునే గసగసాల మొక్కకు దగ్గరి చుట్టం. అయితే ఇది పంట కాదు, చేలల్లో దానంతటదే మొలిచే కలుపు మొక్క.

దీని విత్తనాలు ఏళ్ల తరబడి నేలలో పడి ఉంటాయి. మట్టి తిరగబడి వెలుతురు తగిలితే చాలు, ఒక్కసారిగా మొలుస్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో బెల్జియం, ఫ్రాన్సు పొలాలను దున్నింది నాగళ్లు కాదు, ఫిరంగి గుండ్లు. సమాధుల మధ్య ఆ పూలు విరగబూశాయి. 1915 మేలో ఈప్ర్ దగ్గర స్నేహితుణ్ణి పోగొట్టుకున్న కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్రే వాటి మీద కవిత రాశాడు. అది చదివిన అమెరికా అధ్యాపకురాలు మొయినా మైకేల్ 1918 నవంబరులో యుద్ధ మృతుల గుర్తుగా ఆ పువ్వు పెట్టుకుంది. ఫ్రెంచి మహిళ అన్నా గెరాన్ 1921లో ఆ ఆలోచనను బ్రిటన్‌కు చేర్చింది.

మరుసటి ఏడాది మేజర్ జార్జ్ హౌసన్ అయిదుగురు వికలాంగ మాజీ సైనికులతో పూల తయారీ మొదలుపెట్టాడు. అంగవైకల్యం ఉన్నవాళ్లూ సులువుగా అమర్చగలిగేలా పువ్వును రూపొందించారు. ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. నచ్చనిది ఆ పువ్వు నడుమ ఉన్న నల్ల బొత్తాం. 1994 దాకా దాని మీద ‘హేగ్ ఫండ్’ అని ఉండేది. సోమ్ యుద్ధంలో వేలాదిమందిని మరఫిరంగుల ఎదుటికి నడిపించిన సేనాని పేరది. అక్కడ బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ పేరును గుండెమీద పెట్టుకోవాల్సి వచ్చింది.

1933లో సహకారోద్యమానికి చెందిన మహిళా గిల్డు తెల్ల పువ్వు తెచ్చింది. వాళ్లలో చాలామంది భర్తల్ని, కొడుకుల్ని యుద్ధానికి ఇచ్చినవాళ్లే. ఇలాంటి చావులు ఇంకెవరికీ రాకూడదన్నారు. అది అమరులకు అవమానమన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. కడుపుకోతకు గురైన తల్లికి ఎలా ఏడవాలో ఇంకొకరు చెప్పకూడదు.

ఈ పువ్వు బ్రిటిష్ సైనికులందరి పేరిటా పెట్టుకునేది కాబట్టి ఉత్తర ఐర్లండ్‌లో ఇంకో గాయాన్ని రేపుతుంది. 1972 జనవరి 30న డెర్రీలో బ్రిటిష్ సైనికులు 13 మంది నిరాయుధుల్ని కాల్చి చంపారు. ఆ ఊళ్లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్లీన్ చొక్కాకు పాపీ పెట్టుకోనన్నాడు. అది రెండు ప్రపంచయుద్ధాల మృతుల కోసమే అయితే తప్పక పెట్టుకునేవాణ్ణని 2014లో తన క్లబ్బు అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు. అయినా ప్రేక్షకులు ఏళ్ల తరబడి అతణ్ణి గేలిచేశారు. బలవంతంగా గుచ్చిన పువ్వులో స్మరణ ఎక్కడుంటుంది?

మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశపు సైనికులు 74,000 మందికి పైగా చనిపోయారు. వాళ్ల కోసం బ్రిటన్‌లో ఖద్దరు పాపీ 2018లో గానీ రాలేదు. ఫ్రాన్సులోని నవ్ షపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. పారిస్ వెళ్లే తెలుగువాళ్లు ఒక్కరోజు మిగుల్చుకుని అక్కడికి వెళ్లండి. ఏ పువ్వు పెట్టుకున్నా, అసలు పెట్టుకోకపోయినా, ఆ పేర్లు చదివి రండి.