టర్బోఛార్జరునకు అలుగు

శ్రావణ భాద్రపదములలో చెరువు నిండినదని వినగానే ఊరి పెద్దలు ముందుగా పోయి చూచునది అలుగును. కొన్ని సీమలవారు దీనినే కలుజు అందురు. రాయలసీమవారు మరవ అందురు. పేరేదైనను పని ఒక్కటియే: చెరువు పట్టగలిగినంత నీటిని పట్టనిచ్చి, మిగిలిన దానిని గట్టునకు చేటు రాకుండ పోనిచ్చుట. ఎగువనున్న రెండు వాగులను గూడ ఆ చెరువులోనికి మళ్లించి, అలుగును మాత్రము తాతలనాటి వెడల్పుననే ఉంచినచో ఏమి జరుగునో రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

మోటారు కార్లలో వాడు టర్బోఛార్జరు అను యంత్రమునకు సరిగా ఇట్టి అలుగే ఒకటి కలదు. మెకానిక్కులు దానిని వేస్ట్‌గేటు అందురు. మేము అలుగు తలుపు అని పిలుచుకొనుచున్నాము. టర్బోఛార్జరు కథ చెప్పువారు సాధారణముగా అది ఇంజనునకు ఎంత బలమిచ్చెనో చెప్పి ఊరకుందురు. ఆ బలమునకు హద్దు కట్టినవారి కథ అంతకంటె దీర్ఘమైనది, మాకు అంతకంటె రుచించినది. మాది చరిత్ర చదివిన చదువే గాని పానా పట్టిన చేయి కాదు. కావున ముందుగా యంత్రము సంగతి మాకు తెలిసిన మాటలలో చెప్పుదుము.

ఇంజనులో పెట్రోలు మండిన పిమ్మట వేడి పొగ గొట్టము గుండ బయటకు పోవును. ఆ పొగలో ఇంకను చాల శక్తి మిగిలియుండును. దాని దారిలో ఒక చిన్న చక్రమును నిలిపినచో ఆ తాకిడికి అది గిరగిర తిరుగును. అదే ఇరుసు రెండవ కొసను మరియొక చక్రమును బిగించినచో అది బయటి గాలిని పీల్చి, అదిమి, సిలిండర్లలోనికి నెట్టును. గాలి హెచ్చుటచే పెట్రోలు హెచ్చుగ మండును. హెచ్చుగ మండుటచే పొగ హెచ్చును. పొగ హెచ్చుటచే చక్రము మరింత వేగముగ తిరుగును. ఈ వలయము తనంతట తాను ఒకచోట నిలుచునది కాదు. ఒత్తిడి మితిమీరినపుడు సిలిండరులోని మిశ్రమము క్రమముగ మండుటకు మారుగా ఒక్కుమ్మడిగ ప్రేలును. దీనినే నాకింగు అందురు. సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. అది సాగినచో పిస్టను పగులును, లేదా కరగి రంధ్రము పడును.

ఈ యంత్రమునకు మూలపురుషుడు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూచి. 1905లో ఆయన తన ఊహకు పేటెంటు పొందెను. అది సముద్రమెక్కుటకు ఇరువది ఏండ్లు పట్టినది. 1920 దశకమున జర్మనీలో నిర్మించిన రెండు ప్రయాణికుల ఓడలలో, 1,750 అశ్వశక్తి గల డీజిలు ఇంజనులు ఈ యంత్రము మూలమున 2,500 అశ్వశక్తి నిచ్చినవి. డీజిలు ఇంజనులో ముందుగా అదిమబడునది వట్టి గాలియే గనుక నాకింగు భయము లేదు. ఓడ ఇంజను గంటల తరబడి ఒకే వేగమున నడచును గనుక హద్దు మీరు సందర్భములును తక్కువ. అలుగు అవసరము బ్యూచికి అంతగా తట్టకపోవుటలో వింత లేదు.

ఆ అవసరము ఆకాశమున కనబడినది. ఎత్తునకు పోయిన కొలది గాలి పలుచనగును; విమానపు ఇంజను నీరసించును. మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఫ్రాన్సులో ఆగస్ట్ రాతో, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన శాన్‌ఫర్డ్ మాస్ ఈ లోటును పొగచక్రముతో పూరింప యత్నించిరి. 1918లో మాస్ తన యంత్రమును లిబర్టీ ఇంజనుతో గూడ లారీపై కెక్కించి, కొలరాడోలోని పైక్స్ పీక్ పర్వతముపై 14,000 అడుగులకు పైబడిన శిఖరమునకు చేర్చెను. క్రింద 350 అశ్వశక్తి నిచ్చిన ఇంజను ఆ శిఖరముపై టర్బో లేక 230 మాత్రమే ఇచ్చినది. టర్బోతో 356 ఇచ్చినది.

అయితే శిఖరముపై చాలినంత గాలినిచ్చు చక్రము, నేలమీద చిక్కని గాలి దొరికినపుడు ఇంజనును చీల్చివేయగలదు. అందుచేత పొగ చక్రమునకు చేరకముందే ప్రక్కదారిన పోవుటకు ఒక తలుపు పెట్టిరి. నేలపై అది తెరచియుండును, పైకెగిరిన కొలది పైలటు దానిని కొంచెము కొంచెముగ మూయుచుండవలెను, దిగునపుడు తెరచుచుండవలెను. దిగునపుడు మరచినచో ముప్పు. రెండవ ప్రపంచ యుద్ధమున బి-17 బాంబరునకు నాలుగింజనులు, నాలుగు టర్బోలు, నాలుగు తలుపులు. మొదట వానిని నూనె ఒత్తిడితో నడిపిరి. ముప్పది వేల అడుగుల చలిలో నూనె చిక్కబడి తలుపు మాట వినుట ఆలస్యమగుచుండెను. తరువాతి విమానములలో ఎలక్ట్రానిక్ అదుపు వచ్చినది. ఒక్క మర త్రిప్పినచో నాలుగింజనులును ఒకేమారు సర్దుకొనుచుండెను. తలుపును మనిషి చేతినుండి తీసి యంత్రమునకే అప్పగించుట అచట మొదలైనది.

ఇక కారు సంగతి. 1962లో జనరల్ మోటార్స్ సంస్థలోని రెండు శాఖలు ఒకే యేట రెండు టర్బో కార్లను సామాన్య జనులకు అమ్మినవి. మేము ఇచట కొంత నిలువదలచితిమి, ఏలయన ఒకే సమస్యకు ఒకే ఇంటి అన్నదమ్ములు ఇచ్చిన రెండు జవాబులు ఇవి.

ఓల్డ్స్‌మొబైల్ వారి జెట్‌ఫైర్ కారునకు అలుగు తలుపు కలదు. అదిమిన గాలిలో కొంత ఒక సన్నని గొట్టముగుండ పోయి పలుచని పొరను నెట్టును. పొర వెనుక ఒక స్ప్రింగు. గాలి స్ప్రింగును జయించినపుడు తలుపు తెరచుకొని, మిగులు పొగ చక్రమును తాకకుండ పోవును. నేటికిని మూలసూత్రము ఇదియే. కాని ఆ ఇంజనీర్లు ఇంజను మిశ్రమమును 10.25కు ఒకటి వంతున అదుమునట్లు చేసిరి. టర్బో గల పెట్రోలు ఇంజనునకు ఇది సాహసమే. నాకింగును ఆపుటకు నీరు, మిథనాలు కలిపిన ద్రవమును ఇంజనులోనికి చిమ్మిరి. ద్రవము అయిపోయినచో మరియొక కవాటము మూసుకొని ఒత్తిడిని తగ్గించును. ఇన్ని జాగ్రత్తలు గల కారును కొన్నవారిలో పలువురు ఆ ద్రవము పోయుటయే మరచిరి. పోయనందున కారు నీరసముగ నడచుచున్నదని విసుగుకొనిరి. రెండేండ్లలో సుమారు 9,600 కార్లు మాత్రమే తయారైనవి. చివరకు సంస్థయే టర్బోను ఊడదీసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చుటకు సిద్ధపడెను.

షెవ్రొలే వారి కోర్వెయిర్ కారునకు అలుగే లేదు. దాని నిర్మాతలు వేరొక ఉపాయము పన్నిరి. కార్బురేటరును ఇరుకుగ, సైలెన్సరును బిగువుగ ఉంచిరి. ఒక హద్దు దాటిన పిమ్మట గాలి లోనికి రాలేదు, పొగ బయటకు పోలేదు. చక్రము ఇక వేగము పుంజుకొనదు. తలుపు లేదు, స్ప్రింగు లేదు, పోయవలసిన ద్రవము లేదు. 150 అశ్వశక్తిగల ఆ కారు జెట్‌ఫైర్ కంటె ఎక్కువ కాలము అమ్ముడుపోయినది. కాని యజమాని ఉత్సాహపడి ఆ సైలెన్సరును తీసి ధారాళమైన గొట్టము బిగించిన నాడు చెరువునకు వాగు మళ్లించినట్లే. ఒత్తిడిని ఆపుచున్నది ఆ బిగువే అని అతనికి ఎవరును చెప్పలేదు. కారు మొదట గుఱ్ఱమువలె ఉరికెడిది. పిమ్మట పిస్టను పోయెడిది.

అలుగు తలుపునకు గౌరవము తెచ్చినది పోర్షె సంస్థ. 1972లో ఉత్తర అమెరికా కాన్-ఆమ్ పందెములకు 917 కారును టర్బోతో తెచ్చిరి. 1973లో మార్క్ డొనహ్యూ 917/30 నడిపి ఛాంపియన్ అయ్యెను. ఆ కారులో ఒత్తిడిని హెచ్చించు తగ్గించు మర డ్రైవరు చేతి దాపుననే యుండెను. 1974లో ప్యారిస్ ప్రదర్శనలో చూపిన 911 టర్బోకు ఈ అనుభవమంతయు సంక్రమించినది. స్వీడను దేశపు సాబ్ సంస్థ దీనిని సంసారపక్షపు కారునకు దింపినది. వారి 99 టర్బోలో చిన్న చక్రమును పెట్టిరి. అది తక్కువ వేగముననే మేల్కొనును, పిమ్మట మిగులును తలుపు బయటకు పంపును. 1982 నాటికి పేర్ గిల్‌బ్రాండ్ బృందము ఇంజనునకు చెవి పెట్టినది: నాకింగు చప్పుడును పసిగట్టి, తలుపును తానే సర్దు ఎలక్ట్రానిక్ ఏర్పాటు. చేయి మొదట పైలటుది, పిదప స్ప్రింగుది, ఇప్పుడు విద్యుత్తుది.

ఫార్ములా వన్ పందెములలో మాత్రము వెనుకకు నడచిరి. 1977లో రెనో తెచ్చిన టర్బో 1979లో డిజాన్ పట్టణమున మొదటి గెలుపు గెలిచినది. 1986 నాటికి, ప్రధాన పందెమునకు ముందు వేగము నిర్ణయించు పరుగులలో, కొందరు అలుగు తలుపును పూర్తిగ మూసివేయుచుండిరి. ఇంజను నాలుగైదు చుట్లు బ్రతికినచో చాలును! అధికారులు 1987లో ఒత్తిడిని 4 బారులకు, 1988లో 2.5 బారులకు పరిమితము చేయు కవాటమును ప్రతి టర్బో కారునకును తప్పనిసరి చేసి, 1989లో టర్బోనే నిషేధించిరి. 2014లో గాని అది తిరిగి రాలేదు.

ఇక ఉన్న టర్బో తీసి పెద్ద టర్బో వేయించుకొను నేటి యువకుల మాట. కర్మాగారమువారు తలుపు రంధ్రమును తమ చక్రమునకు, తమ గొట్టమునకు సరిపడ కోసిరి. చక్రము పెరిగి, గొట్టము ధారాళమైనపుడు తలుపు పూర్తిగ తెరచుకొన్నను చాలినంత పొగ దానిగుండ పోదు. స్ప్రింగు 8 పౌండ్లకు అమర్చినది. ఇంజను వేగము పెరిగిన కొలది ముల్లు 10కి, 12కు, ఇంకను పైకి ప్రాకుచుండును. మెకానిక్కులు దీనిని బూస్ట్ క్రీప్ అందురు. ముల్లు ఒక్కసారి ఎగిరి వెంటనే దిగినచో అది వేరు జబ్బు, తలుపు ఆలస్యముగ తెరచుకొనుట. మొదటినుండియే హద్దు లేక ఎగబ్రాకినచో సన్నగొట్టము ఊడినదేమో చూడవలెను.

ఎలక్ట్రానిక్ మర త్రిప్పి ఒత్తిడిని తగ్గింపవచ్చునని పలువురు భ్రమపడుదురు. ఆ మర తలుపు తెరచుకొనుటను ఆలస్యము చేయగలదే గాని, బార్లా తెరచిన తలుపును ఇంకను తెరువలేదు. స్ప్రింగు అంకెకు దిగువకు దాని శక్తి సాగదు. చేయవలసినది అలుగును వెడల్పు చేయుట: రంధ్రమును తొలిచి పెద్ద రేకు అమర్చవలెను, లేదా పాత తలుపును మూసివేసి, అన్ని సిలిండర్ల పొగయు కలియుచోట, పొగ వాలునకు అనుకూలమైన వంపుతో, వేరుగ పెద్ద తలుపు పెట్టవలెను. ఒత్తిడి మీరగానే పెట్రోలును ఆపివేయు రక్షణ నేటి కార్లలో సాధారణము. అది అడ్డుపడుచున్నదని దానినే తీయించువారిని గూర్చి విన్నాము. అది మాకు రుచింపలేదు.

ఇవేవియు చేయింపలేనివారు ధారాళమైన గొట్టములో ఇరుకైన బిళ్ల ఒకటి అడ్డుపెట్టించుకొనుటయు కలదు. కొన్నది వెడల్పైన గొట్టము, దానికి పెట్టినది అడ్డు. అయినను ముల్లు దిగును, ఇంజను బ్రతుకును. 1962లో కోర్వెయిర్ నిర్మాతలు సైలెన్సరులో దాచిన ఉపాయము ఇదియే.