మర పోయిన బోల్టు వెనుక చరిత్ర

విజయనగరమునుండి కొరాపుట్ మీదుగా రాయపూరు పోవు బాటలో, తూర్పు కనుమల పాదమున సాలూరు పట్టణమున్నది. 1979లో ఏర్పడిన విజయనగరం జిల్లాలో చేరి, 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో నున్న యీ ఊరు లారీలకు పేరుగన్నది. ఊరు దాటిన పిమ్మట ఘాటు రోడ్డు. బరువుతో కొండనెక్కు బండికి ఇంజనెంతటిదో గేరుబాక్సు అంతటిది. ఆ పెట్టెను బిగించు బోల్టు ఒక్కటి పట్టు వదలినను, సందుగుండ నూనె కారును; నూనె తగ్గగా బేరింగులు వేడెక్కి చెడును. వేలెడు బోల్టు లారీని కొండనడుమ నిలిపివేయగలదు.

మెకానికులు దీనిని "మర పోయినది" అందురు. గేరుబాక్సు పెట్టె పలుమారు అల్యూమినియపు పోత, బోల్టు ఉక్కు. ఈ పెనుగులాటలో తెగునది మెత్తని లోహపు మరయే. అయితే తప్పంతయు బిగించిన చేతిది గాదు. దాని వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర యున్నది.

పూర్వము ఏ కార్ఖానా మర ఆ కార్ఖానాదే. 1800 ప్రాంతమున లండనులో హెన్రీ మాడ్స్లే మరలు కోయు లేతును తీర్చిదిద్దెను. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్తు 1841లో 55 డిగ్రీల కోణముగల మరను ప్రతిపాదించెను. 1864లో ఫిలడెల్ఫియాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీలు చాలుననెను. అర అంగుళపు బోల్టుకు అంగుళమునకు విట్‌వర్తు చుట్లు 12, సెల్లర్సు చుట్లు 13. ఐరోపా ఖండము మిల్లీమీటర్ల మరను చేపట్టెను. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటను, అమెరికాల విడిభాగములు పరస్పరము సరిపడక కలిగిన చిక్కులు చూచి, ఆ రెండు దేశములును, కెనడాయు 1948 నవంబరులో ఏకీకృత మరకు ఒప్పుకొనెను.

ఇందొక వింత గలదు. 1923లో మోరిస్ వారు కోవెంట్రీలోని ఫ్రెంచి హాచ్‌కిస్ కార్ఖానాను కొనిరి. అక్కడి యంత్రములు మిల్లీమీటరు మరలనే కోయుచుండుటచే, బ్రిటిషు పానాలు పట్టునట్లు బోల్టు తలను మాత్రము విట్‌వర్తు కొలతకు చేసిరి. తల ఒక దేశముది, ఒడలు మరియొక దేశముది!

మన దేశమున 1954లో టాటా వారు జర్మనీ డైమ్లర్-బెంజ్ సహకారముతో లారీలు చేయ మొదలిడిరి. 1955లో మద్రాసు సంస్థ అశోక్ లేలాండు అయినది. మిల్లీమీటర్ల లోకమును, అంగుళముల లోకమును ఒకే ఘాటు రోడ్డుపై కలిసికొనెను. 5/16 అంగుళమనగా 7.94 మిల్లీమీటర్లు, కంటికది 8 మిల్లీమీటర్ల బోల్టు వలెనే తోచును. కాని సాధారణముగా మొదటిదానికి చుట్టునకు చుట్టునకు ఎడము 1.41 మిల్లీమీటర్లు, రెండవదానికి 1.25. ఒకదాని రంధ్రమున రెండవదానిని దూర్చినచో ఒకటి రెండు చుట్లు తిరిగి బిగిసికొనును. అప్పుడు పానాకు పైపు తగిలించి త్రిప్పినవానికి బోల్టు దిగినట్లే యుండును. నిజమునకు తెగినది పెట్టె మర.

బాగుచేయు మార్గములు మూడు. రంధ్రమును తొలిచి పెద్ద బోల్టు వేయుట మొదటిది; రంధ్రము అంచున నున్నచో గోడ పలుచబడి పగులు భయమున్నది. లోపల, వెలుపల మరలుగల బుష్షును లేతుపై చేసి దించుట రెండవది. 1930ల దశకమున అమెరికాలో పుట్టిన హెలికాయిల్ మూడవది. తొలిచిన రంధ్రమున ట్యాపు కొట్టి, ఉక్కుతీగ చుట్టను దించినచో పాత కొలత బోల్టే మరల పట్టును. అల్యూమినియమున ఈ ఉక్కు మర తొలి మరకంటె గట్టిది. ఏ మార్గమైనను డ్రిల్లు నిటారుగా దిగవలెను. లోహపు పొట్టు గేర్లలో పడకుండ ట్యాపునకు గ్రీజు పూయవలెను.

పెట్టె మొత్తము మార్చుట బండి యజమానికి పెద్ద వ్యయము. మర ఒక్కటి మార్చుట కొద్దిపాటి పని. కావున మీ బండి మెకానికు బోల్టు చేతబట్టి, మర గేజితో కొలిచి, ఆలోచించుచున్నచో తొందరపెట్టకుడు. మూడు దేశములు కూర్చుండి తేల్చిన లెక్కనే ఆతడు మరల ఒకసారి సరిచూచుచున్నాడు.