పెసరట్టు ఎవరి పేరు మీద?

ఉప్మా మడిచిన పెసరట్టుని విజయవాడ హోటళ్లలో ఎమ్మెల్యే పెసరట్టు అంటారు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో ఆ పేరు పుట్టిందని చెప్తారు. తిన్నవాళ్ల పేరు నిలిచింది. మరి రుబ్బినవాళ్ల పేరో?

కృష్ణా డెల్టాలో వరి కోసిన మాగాణుల్లో, మిగిలిన తేమ మీదే మినుములు, పెసలు పండుతాయి. ఆ పెసలు పొట్టుతోనే నానబెట్టి రుబ్బాలి. అల్లం పెసరట్టు, ఉల్లి పెసరట్టు, జీడిపప్పు ఉప్మా పెసరట్టు - రకాలెన్నయినా రుబ్బే చేతులు ఆడవాళ్లవే. అందరికీ వేసి అమ్మ ఆఖర్న కూర్చునేసరికి ఉప్మా మిగిలేది కాదు.

ఇది మన ఒక్కచోటి కథ కాదు. మెక్సికోలో మొక్కజొన్న రొట్టెలో కూర మడిస్తే టాకో, చుట్టి మిరప పులుసు పోస్తే ఎంచిలాడా. ఆ పిండిని రాతి మీద నూరడానికి ఆడవాళ్లకి రోజూ గంటలు పట్టేది. 20వ శతాబ్దంలో పల్లెలకి మరలొస్తే, రొట్టె రుచి పోతుందని కొందరు మగవాళ్లు అడ్డుపడ్డారు.

మా ఇంట్లో గ్రైండరు కొన్నరోజు నాన్న అన్నదీ అదే మాట: "రోట్లో రుబ్బిన రుచి రాదు." ఆయన ఏనాడూ పొత్రం పట్టలేదు.