పావగడ సోలార్ పార్కు – ఎర్తింగ్

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో, తెలుగు బాగా వినిపించే పల్లెల నడుమ, తిరుమణి దగ్గర సుమారు 13,000 ఎకరాల్లో ఈ 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. రైతుల దగ్గర భూమి కొనకుండా కౌలుకు తీసుకున్నారు. 2018 మార్చిలో ప్రారంభమై, 2019 డిసెంబరుకు పూర్తి సామర్థ్యానికి చేరింది.

ఇలాంటి కేంద్రాల్లో లోహ భాగాలను నేలకు కలిపే ఎర్తింగే మనుషుల ప్రాణాలకు రక్ష. ప్యానెల్ అల్యూమినియం ఫ్రేము మీది ఆనోడైజింగ్ పొర కరెంటును పోనివ్వదు. మామూలు వాషరు వేస్తే బోల్టు ఎంత బిగించినా ఎర్త్ సరిగా అందకపోవచ్చు. పళ్ల వాషరైతే పొరను గీరి, లోహాన్ని లోహానికి తగిలిస్తుంది. కంటికి ఆనని ఈ చిన్న వస్తువును తేలిగ్గా తీసుకోకూడదు.

పావగడ కరవు సీమ. తడి ఆరిన నేలకు నిరోధం ఎక్కువ కాబట్టి ఎర్త్ పిట్లను (ఎర్త్ కడ్డీ పాతిన గుంతలను) వేసవిలో పరీక్షించడమే మేలు. పిట్ తీగను విడదీసి, ఎర్త్ టెస్టర్ మేకులు రెండింటిని పిట్‌తో ఒకే వరుసలో దిగ్గొడతారు. పిట్ నుంచి దూరపు మేకుకున్న దూరంలో దాదాపు 62 శాతం దగ్గర రెండోది ఉండాలి. దాన్ని కాస్త అటూ ఇటూ జరిపినా రీడింగు పెద్దగా మారకపోతేనే ఆ కొలతను నమ్మాలి. భారతదేశంలో ఎర్తింగ్ పనికి ప్రామాణిక నియమావళి ఐఎస్ 3043.